గోడెక్కిన సైకిళ్లు

హైదరాబాద్‌లో సైకిల్ కొనడం జ్వరం లాంటిది. మొదటి విడత 2020 లాక్‌డౌన్‌లో తగిలింది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచాక, 2023 అక్టోబర్‌లో తిరగబెట్టింది. జ్వరం తగ్గింది, సైకిళ్లు మిగిలాయి. ఒక మాదిరి ఇంటి లెక్క చూడండి. ఇంటాయనది గేర్ల సైకిల్, 14 కిలోలు. అబ్బాయిది నాలుగంగుళాల లావు టైర్లది, 18. అమ్మాయిది ముందు బుట్ట ఉన్నది, 11. తాతగారిది క్యారియర్, డైనమో, మడ్‌గార్డులు, స్టాండుతో కలిపి 22. వెరసి 65 కిలోల ఇనుము సెల్లార్‌లో ఒకదాని భుజం మీద ఒకటి తల వాల్చి పడుకుంటుంది. అవసరం పడేది ఎప్పుడూ అన్నింటికంటే అడుగున ఉన్నదే. దాన్ని లాగితే పక్కదాని పెడల్ స్పోకుల్లో ఇరుక్కుని, ఒకటికి రెండు వస్తాయి.

అప్పుడు ఇంటాయనకు గోడ ర్యాక్ మీద కన్ను పడుతుంది. పార్సిల్ విప్పితే నాలుగు కొక్కేలు, ఎనిమిది స్క్రూలు, స్క్రూ పట్టు కోసం కన్నంలో దూర్చే ఎనిమిది ప్లాస్టిక్ గిట్టీలు. గోడ నుంచి రెండు చేతులు బయటికి చాచి, సైకిల్‌ని గోడకు సమాంతరంగా నడుం పట్టి ఎత్తుకునే రకం. పెట్టె మీద 'ఒక్కో కొక్కెం 30 కిలోలు మోస్తుంది' అని ఉంటుంది. అబద్ధమేమీ కాదు, కొక్కెం మోస్తుంది. గోడ మోస్తుందని వాళ్లు ఎక్కడా అనలేదు.

ఆదివారం పొద్దున్నే డ్రిల్లు మిషను దిగుతుంది. వాచ్‌మన్ కుర్చీలోంచి లేవకుండానే చెప్తాడు. "సార్, గా గోడ తెల్ల ఇటుకలది. మేకు కొడితేనే పొడి రాల్తది."

"నువ్వు చూస్తుండవయ్యా."

వాచ్‌మన్ చూస్తుంటాడు. తెల్ల ఇటుకంటే ఏఏసీ బ్లాక్. లోపలంతా గాలి బుడగలే, బిస్కెట్‌కి పెద్దన్న. ఇప్పటి అపార్ట్‌మెంట్లలో స్తంభాలకూ దూలాలకూ మధ్య నింపేది ఎక్కువగా దాన్నే. దానికి కన్నం పెట్టేటప్పుడు మిషన్ని సుత్తి గుర్తు మీద పెట్టకూడదు, ఉత్తగా తిప్పాలి. ఇంటాయన సుత్తి మీదే పెట్టాడు, చప్పుడు బాగుంటుందని. 8 ఎం.ఎం. బిట్‌తో వేసిన కన్నం 10 ఎం.ఎం. అయి కూర్చుంది. గిట్టీ వేలితో తోస్తేనే లోపలికి పోయింది. "చూశావా, ఎంత సాఫీగా వెళ్లిందో!" అన్నాడు. సాఫీగా వెళ్లింది అంత సాఫీగానూ తిరిగొస్తుందని ఆ క్షణాన ఎవరికి తోస్తుంది?

సాయంత్రానికి నాలుగు సైకిళ్లూ గోడెక్కాయి. ఫొటోలు తీశారు. అపార్ట్‌మెంట్ గ్రూపులో చప్పట్ల బొమ్మలు వచ్చాయి. మూడు రోజులు ఏమీ కాలేదు. నాలుగో రోజు రాత్రి రెండు గంటలకు సెల్లార్‌లో వంటపాత్రల కొట్టు కూలినంత చప్పుడు.

తప్పు సైకిల్ బరువుది కాదు, చేయి పొడవుది. హ్యాండిల్ వెడల్పు 60 సెంటీమీటర్లు, కాబట్టి సైకిల్ గోడకు తగలకుండా ఉండాలంటే కొక్కెం చేతులు 30 సెంటీమీటర్లయినా బయటికి రావాలి. గోడకు బిగించిన పట్టీలో పై స్క్రూకీ కింది స్క్రూకీ మధ్య దూరం పదే. 15 కిలోల సైకిల్‌ని ముప్ఫై దూరాన పెట్టి పదితో భాగిస్తే, పై స్క్రూని గోడలోంచి ఇవతలికి లాగే బలం దాదాపు 45 కిలోలు. ఎత్తిపెట్టేటప్పుడు పడే కుదుపు దీనికి అదనం. దించిన ప్రతిసారీ, పెట్టిన ప్రతిసారీ గిట్టీ చుట్టూ ఉన్న గుల్ల ఇటుక చిటికెడు చొప్పున పిండి అవుతుంది. మొదట ఊడింది ఒక్కటే కొక్కెం. కానీ పడేటప్పుడు దాని హ్యాండిల్ పక్క సైకిల్ బ్రేకు తీగని పట్టుకుంది, అది మూడోదాన్ని, మూడోది తాతగారిదాన్ని. ఆ 22 కిలోలు చివరికి విశ్రమించింది అసోసియేషన్ సెక్రటరీగారి కారు బానెట్ మీద. డైనమో దీపం మాత్రం పగల్లేదు. పాతకాలపు సరుకు.

మర్నాడు సెక్రటరీగారు రెండు విషయాలు స్పష్టం చేశారు: బానెట్ సొట్ట ఖర్చు ఎవరిదో, సెల్లార్ గోడ ఉమ్మడి ఆస్తి అని. రెండోది ముందే అడగాల్సింది. కన్నం వేశాక అడిగితే దాన్ని అనుమతి అనరు, క్షమాపణ అంటారు.

ఇంతకీ బరువు మోయాల్సింది గోడ కాదు, దాని రెండు పక్కలా ఉన్న కాంక్రీటు స్తంభాలు. వెల్డింగ్ షాపులో రెండంగుళాల చదరపు ఇనుప పైపు పది అడుగులు కోయించి, రెండు కొసలకూ పట్టీలు అతికించి, రెడాక్సైడ్ పూయించి, స్తంభం నుంచి స్తంభానికి అడ్డంగా బిగిస్తే, కొక్కేలన్నీ పైపుకే వస్తాయి. మధ్యలో కుంగకుండా నేలకు ఒక కాలు. కొసకు రెండేసి 10 ఎం.ఎం. యాంకర్ ఫాస్టనర్లు, అంటే కన్నంలో విచ్చుకుని కాంక్రీటుని పట్టుకునే బోల్టులు. రాణిగంజ్‌లోనో ట్రూప్ బజార్‌లోనో హార్డ్‌వేర్ దుకాణంలో అడిగితే అవతలివాడు మొదట అడిగేది "ఎంత బిట్?" అనే. కన్నం సైజు బోల్టుది కాదు, దాని మీది తొడుగుది. ఇది తెలీక సగం ఊరు బోల్టుని సుత్తితో బతిమాలుతూ ఉంటుంది. స్తంభం అంచు నుంచి మూడంగుళాలైనా లోపలికి వెయ్యాలి, లేకపోతే ఫాస్టనర్ విచ్చుకున్నప్పుడు అంచు పెచ్చు లేస్తుంది. డ్రిల్లు కీచుమని అరిచి ముందుకు పోనంటే లోపల కడ్డీ తగిలినట్టు. పంతానికి పోకుండా నాలుగు సెంటీమీటర్లు పక్కకు జరగాలి. స్విచ్ బోర్డుకి నిట్టనిలువుగా పైన మాత్రం అసలు వెయ్యొద్దు, వైర్ల పైపు పోయేది అటే.

కన్నంలో పొడి ఉంటే ఫాస్టనర్ పొడినే పట్టుకుంటుంది, కాంక్రీటుని కాదు. ఇంటాయన నోటితో ఊదాడు. పొడి వచ్చింది, నేరుగా కళ్లలోకి. "ఏమండీ, ఏడుస్తున్నారా?" అని పైనుంచి ఇల్లాలు. వాచ్‌మన్ ఈసారి లేచొచ్చి తాతగారి సైకిల్ పంపు అందించాడు. నాలుగు పోట్లకు కన్నం అద్దంలా అయింది. ఈ మొత్తం వ్యవహారంలో అసలు సిసలు ఇంజనీరింగ్ ఏదైనా ఉంటే అదే.

రెండో రకం కొక్కేలు కొన్నారు, ముందు చక్రాన్ని పట్టి సైకిల్‌ని నిలువునా వేలాడదీసేవి. కొక్కెం పైపుకి మూడంగుళాల దూరంలోనే ఉంటుంది, కింది చక్రం గోడకు ఆనుతుంది, కాబట్టి లాగుడు బాగా తగ్గుతుంది. పక్కపక్కన హ్యాండిళ్లు కొట్టుకోకుండా ఒకటి నేల నుంచి 180, తర్వాతిది 200 సెంటీమీటర్ల ఎత్తున, మధ్య ఎడం 45. ఎత్తు తేడా రావాలని పైపుకి అక్కడక్కడా నిలువు ముక్క అతికించారు. ఎత్తిపెట్టడానికి చిన్న కిటుకుంది. వెనక బ్రేకు పట్టుకుని ముందు చక్రం లేపితే సైకిల్ వెనక చక్రం మీద నిలబడుతుంది. ఇక బ్రేకు వదిలి అలాగే గోడదాకా నడిపించుకెళ్తే సగం బరువు నేలే మోస్తుంది. ఇది తెలియని అబ్బాయి 18 కిలోలు నెత్తికెత్తుకుని, సీసాలో మిగిలిన నీళ్లతో స్నానం కూడా చేశాడు. పైగా మామూలు కొక్కెంలో లావు టైరు దూరనే దూరదు. దానికి వెడల్పు కొక్కెం విడిగా కొనాలి. అమ్మాయి సైకిల్ బుట్టలోంచి ఎప్పటివో రెండు రేగిపళ్లు రాలాయి. ఇంటాయన సైకిల్‌కి ఆయిల్ డిస్క్ బ్రేకులు. రాత్రంతా నిలువునా వేలాడితే, గొట్టంలో గాలి ఉన్నప్పుడు పొద్దున లివర్ మెత్తగా దిగుతుంది. కాసేపు నేల మీద నిలబెట్టి పదిసార్లు నొక్కితే మళ్లీ గట్టిపడుతుంది. అది తెలీక నొక్కిందే తడవుగా గేటు దాటితే, ఆగేది ఎదురింటి గోడ దగ్గరే.

అన్నీ కుదిరాయి. మూడు సైకిళ్లు నిలువునా, సైనికుల్లా. అప్పుడు కారొచ్చింది. పార్కింగ్ గీత పొడవు 5 మీటర్లు, కారు 4 మీటర్లకు పది మిల్లీమీటర్లు తక్కువ. మిగిలింది మీటరు. నిలువునా వేలాడే సైకిల్ గోడ నుంచి హ్యాండిల్ దాకా బయటికొచ్చేది మీటరూ కాస్త. గోడ వెడల్పు కొలిచారు, ఎత్తు కొలిచారు, రసమట్టం కూడా పెట్టారు. ముందుకెంత పొడుచుకొస్తుందో మాత్రం ఎవరూ కొలవలేదు. పక్కకు తిరిగే కొక్కేలు ఉంటాయి, వాటితో సైకిల్‌ని తలుపులా మూయొచ్చు. అవి వచ్చేదాకా కారు మూతి గీత దాటి, సెక్రటరీగారి తోవలోకి జానెడు తొంగి చూస్తోంది.

తాతగారి సైకిల్‌కి ఏ కొక్కెమూ కుదరలేదు. ముందు చక్రం మీద ఇనుప మడ్‌గార్డు, కొక్కెం పట్టడానికి సందు లేదు. వెనక చక్రానికి తగిలిద్దామంటే క్యారియర్ అడ్డం. "నేలుండగా దానికి గోడెందుకురా" అని ఆయన స్టాండు వేసి పాల ప్యాకెట్లకు వెళ్లిపోయారు. ఖాళీగా మిగిలిన ఎడమ చివరి కొక్కెం మీద, 30 కిలోల హామీతో, ప్రస్తుతం వాచ్‌మన్ గొడుగు వేలాడుతోంది.