మా స్థలంలో మకాం వేసిన టెలిఫోన్ స్తంభం గారికి

మహారాజశ్రీ టెలిఫోన్ స్తంభం గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం, తమరు క్షేమమని వేరే తలవక్కర్లేదు, రోజూ గేటు తీయగానే దర్శనం అవుతూనే ఉంది. అడుగున కాస్త తుప్పు పట్టారు, తూర్పుకి ఓ మాదిరిగా ఒరిగారు, స్టే వైరు పట్టుకుని ఎలాగో నిలబడ్డారు. ఆ స్టే వైరు కూడా మా స్థలంలోనే పాతారు లెండి.

విషయానికొస్తా. మేం ఇల్లు కట్టుకుందాం అనుకుంటున్నాం. మేస్త్రి వచ్చి ముగ్గు పోసి చూస్తే తమరు సరిగ్గా పోర్టికో మధ్యలోకి వచ్చారు, అక్కడ కారు పెట్టామంటే డ్రైవరు కిటికీలోంచి దిగాలి. వాస్తు ఆయన్ని పిలిస్తే సింహద్వారానికి ఎదురుగా స్తంభం ఉంటే ద్వారవేధ అండీ, మంచిది కాదు, తీయించేయండి అన్నాడు. అది తీయించడానికే కదయ్యా నా తిప్పలన్నీ అంటే కాసేపు ఆలోచించి, పోనీ ద్వారం జరపండి అన్నాడు. ద్వారం జరిపితే మెట్లు జరగాలి, మెట్లు జరిగితే వంటగది ఆగ్నేయంలోంచి జారిపోతుంది, ఇలా ప్లానులో గీసిన ప్రతిదీ జరగడానికి సిద్ధంగానే ఉంది ఒక్క తమరు తప్ప.

అసలు తమరు మా ఇంటికి వేంచేసిన రోజులు వేరు, ఒప్పుకుంటా. అప్పట్లో ఫోనుకి అప్లికేషన్ పెట్టుకుంటే ఏళ్ళ తరబడి వెయిటింగ్ లిస్టు, ఓవైటీ అని ముందే డబ్బు కట్టే స్కీము ఒకటుండేది, అందులో కట్టినా లైన్లో నిలబడాల్సిందే, కొంచెం పలుకుబడి ఉన్నోళ్ళు ఎంపీ గారి సిఫార్సు లెటర్ కోసం తిరిగేవాళ్ళు. 1994లో వచ్చిన టెలికాం పాలసీలో 1997 కల్లా అడిగినోళ్ళందరికీ ఫోన్ ఇస్తాం అని రాసుకున్నారంటే అడిగినోళ్ళకి ఇవ్వకపోవడం అప్పటిదాకా మామూలే అన్నమాట. అలాంటి రోజుల్లో మన ఖాళీ స్థలంలో టెలిఫోన్ స్తంభం పాతుతున్నారంటే మా నాన్న అడ్డం చెప్తాడా, మజ్జిగ ఇచ్చాడు. లైన్‌మ్యాన్‌కి దసరా మామూలు కూడా ఇచ్చాడు. వీధిలో నలుగురికి ఫోన్లొచ్చాయి, చివర్లో మాకూ వచ్చింది, సెల్‌ఫోన్లు వచ్చాక అందరివీ ఒకదాని వెనక ఒకటి సరెండర్ అయిపోయాయి. ఫోను రాకముందు తమరొచ్చారు, ఫోను పోయాకా తమరున్నారు. తమరి నెత్తి మీద ఇంటింటికీ ఫోను తీగలు పంచే ఆ డీపీ బాక్సు మూత ఊడిపోయి వేలాడుతోంది, లోపల రాగి తీగ ఎప్పుడో ఎవడో కోసుకుపోయాడు, ఇప్పుడక్కడ పిచ్చుకలు కాపురం ఉంటున్నాయి. వాటి మీద నాకే కంప్లైంటూ లేదు.

సరే, తమరు ఎవరి తాలూకు అని ఎంక్వయిరీ మొదలెట్టా. ముందు ఈసీ, అంటే స్థలం మీద జరిగిన లావాదేవీలన్నీ చూపించే రిజిస్ట్రేషన్ ఆఫీసు కాగితం, తీయించా. మాకు అమ్మినవాళ్ళు, వాళ్ళకి అమ్మినవాళ్ళు, మధ్యలో ఒకసారి బ్యాంకులో తనఖా, అది విడిపించుకోవడం, అన్నీ ఉన్నాయి, తమరి పేరు మాత్రం ఎక్కడా లేదు. లింకు డాక్యుమెంట్లలో నాలుగు హద్దులు రాశారు, ఉత్తరం రోడ్డు, దక్షిణం ఫలానా వారి కొబ్బరి చెట్లు అని చెట్లతో సహా రాశారు, మధ్యలో ఇంత పొడుగున నిలబడ్డ తమర్ని రాయలేదు. అంటే రిజిస్ట్రేషన్ ఆఫీసు లెక్క ప్రకారం తమరు లేనే లేరు, కానీ నేను రోజూ తమరి చుట్టూ తిరిగి వెళ్తున్నా.

తమర్ని పాతిన ఆఫీసు పేరు చెప్పను, మర్యాద. అక్కడికెళితే అది మాది కాకపోవచ్చండీ, దాని మీద కేబుల్ టీవీ వైర్లున్నాయిగా వాళ్ళని అడగండి అన్నారు. కేబుల్ అబ్బాయినడిగితే స్తంభాలు పాతేంత సీనుంటే ఈ వ్యాపారం ఎందుకు చేస్తానన్నా, ఉంది కదాని లాగాం అన్నాడు. కరెంటోళ్ళు వచ్చి దూరం నుంచే చూసి సిమెంటుదైతే మాది, ఇనుపది మాది కాదు అని బండి దిగకుండానే వెళ్ళిపోయారు. మున్సిపాలిటీలో మేడమ్ గారు మాత్రం చాలా క్లియర్‌గా చెప్పారు, ప్రైవేటు స్థలంలో ఉంటే మాకు సంబంధం లేదు, మీరు దాన్ని రోడ్డు మీదకి జరిపారనుకోండి, అప్పుడది ఆక్రమణ, మీకు నోటీసిస్తాం అని.

ఇంత చర్చ జరిగాక మా బావమరిది అన్నాడు, ఎవరిదీ కానప్పుడు రాత్రికి గ్యాస్ కటర్ పెట్టి కోసి పాత ఇనుముకి వేసేద్దాం బావా అని. అప్పుడు తెలిసిన ప్లీడరు గారు చెప్పారు, ముట్టుకోకండి, ముట్టుకున్న మర్నాడే ముగ్గురూ ఓనర్లం అని వస్తారు, పైగా టెలిగ్రాఫ్ చట్టం సెక్షన్ 25 కింద లైను పాడుచేస్తే మూడేళ్ళ దాకా జైలు అని. తమరిని వాళ్ళ ఇష్టానికి మా స్థలంలో పెట్టుకున్నందుకు ఎవరికీ ఏమీ లేదు, మా స్థలంలోంచి మేం తీస్తే మాకు మూడేళ్ళు. బాగుంది.

ఆ టెలిగ్రాఫ్ చట్టం 1885 నాటిది స్వామీ. కాంగ్రెస్ పార్టీ పుట్టిన ఏడాది, వైస్రాయి డఫరిన్ దొర కాలం. టెలిగ్రామ్ సర్వీసుని 2013 జులైలో మూసేశారు, కడసారి టెలిగ్రాం ఇద్దామని జనం క్యూలు కట్టారు కూడా, టెలిగ్రామ్ పోయింది గానీ దాని పేరు మీద పాతిన తమరు పోలేదు. పని లేక నేను ఆ చట్టం తీసి చదివా, చదివాక కోపం కాస్తా ఆశ్చర్యంగా మారింది, ఎందుకంటే ఆ తెల్లదొరలు రాసింది మన ఆఫీసులు చెప్పేదానికంటే నయంగా ఉంది. సెక్షన్ 10లో ఏముందంటే, స్తంభం పాతినంత మాత్రాన ఆ స్థలం మీద సర్కారుకి వాడుకునే హక్కు తప్ప ఇంకే హక్కూ రాదు, పాతేటప్పుడు వీలైనంత తక్కువ నష్టం చెయ్యాలి, చేసిన నష్టానికి పూర్తి పరిహారం ఇవ్వాలి. వాడుకునే హక్కు అంట! చూస్తున్నారా తమరు, తమరితో ఇప్పుడు ఎవరేం వాడుతున్నారో కాస్త చెప్పగలరా, పిచ్చుకలు కాక?

ఇంకా ఉంది. సెక్షన్ 17 ప్రకారం ఓనరు తన స్థలంలో ఏదైనా కట్టుకోవాలనుకుని, అందుకు స్తంభం జరపడం అవసరం అయితే, జరపమని అడగొచ్చు. ఖర్చు ఎప్పుడు కట్టాలంటే, గతంలో మనకి నష్టపరిహారం ఇచ్చి ఉంటేనే, అదీ జరిపే ఖర్చు గానీ ఇచ్చిన పరిహారంలో సగం గానీ, ఏది తక్కువైతే అది. అడిగినా చెయ్యకపోతే జిల్లా మేజిస్ట్రేటుకి, అంటే కలెక్టరు గారికి అర్జీ పెట్టుకోవచ్చు. ఇది ప్రింటు తీసి పట్టుకెళ్ళి చూపిస్తే ఆఫీసులో కుర్రాడు చదివి, సార్ ఇది ఇంగ్లీషోళ్ళ కాలంది కదా, మా దగ్గర పద్ధతి వేరు, ముందు ఎస్టిమేట్ వేయాలి, ఆ మొత్తం మీరు డీడీ తీయాలి అన్నాడు. (అప్పటిదాకా తమరు వాళ్ళ స్తంభం కాదు, డబ్బు మాట రాగానే వాళ్ళదే అయ్యారు, గమనించగలరు.) ఎస్టిమేట్ ఎప్పుడు వేస్తారు నాయనా అంటే సైటు చూడాలి, సైటు ఎవరు చూస్తారు అంటే చూసే ఆయన రిటైరయ్యాడు, ఆయన ప్లేసులో ఎవరొస్తారు అంటే పైన ఫ్యాన్ వైపు చూశాడు. మా నాన్నకి పరిహారం ఇచ్చిన కాగితం ఏదైనా ఉంటే చూపించండి, అందులో సగం ఇప్పుడే ఇచ్చేస్తా అన్నా. మా నాన్న మజ్జిగ ఇచ్చాడు, ఆ లెక్కన తమరే మాకు అర గ్లాసు బాకీ.

2023లో కొత్త టెలికాం చట్టం వచ్చింది, దాని కింద రైట్ ఆఫ్ వే రూల్స్, అంటే తీగలకీ స్తంభాలకీ చోటిచ్చే రూల్స్, 2025 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చాయి, ఇప్పుడు ప్రైవేటు స్థలంలో కొత్తగా ఏదైనా పెట్టాలంటే కంపెనీ ఓనర్ని అడిగి షరతులు మాట్లాడుకోవాలి. వినడానికి సంతోషంగా ఉంది, తమరు కూడా కొంచెం లేటుగా పుట్టి ఉంటే ఎంత బాగుండేది.

నిజం చెప్పాలంటే తమరొక్కరే అయితే ఏదోలా సర్దుకునేవాళ్ళం. తమరు సత్రం తెరిచారు. కేబుల్ టీవీ వైరు, దాని యాంప్లిఫైయర్ డబ్బా, ఒక నెట్ కంపెనీ ఫైబరు, ఇంకో నెట్ కంపెనీ ఫైబరు, మూతపడ్డ ఇంకేదో కంపెనీ ఫైబరు, మిగిలిపోయిన వైరంతా చుట్టలు చుట్టి తమరి మెడలో దండల్లా వేశారు. ఒకడు రిపేరుకొచ్చి ఇంకొకడిది కోస్తాడు, వాడొచ్చి వీడిది కోస్తాడు, మధ్యలో మా మామిడి కొమ్మ అడ్డం అని అదీ కోస్తారు. ఇక తమరికి కట్టిన బోర్డులు, నడుముకి స్పోకెన్ ఇంగ్లీష్, పైల్స్ ఫిస్టులాకి ఆపరేషన్ లేకుండా వైద్యం, కింద టు లెట్. ఆ టు లెట్ చూసి మాకు ఫోన్లొస్తాయి, ఖాళీ స్థలం అద్దెకిస్తారా అని.

ఇందులో నవ్వుకి పనికిరాని మాట ఒకటుంది. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు ప్రాణాలు పోయాయి, ఆ తర్వాత గానీ సిటీలో కరెంటు స్తంభాలకి ఇన్ని వైర్లు వేలాడుతున్నాయని ఎవరికీ గుర్తుకు రాలేదు. అప్పుడు గబగబా కోసేశారు, కోస్తే నెట్ ఆగిపోయింది, జనం గోల పెట్టారు, ఓ నెట్ కంపెనీ హైకోర్టుకి వెళ్ళింది. వేసేటప్పుడు అడిగేవాళ్ళు లేరు, తీసేటప్పుడు మాత్రం అందరికీ హక్కులున్నాయి. మా మీంచి పోయే వైర్లలో ఏది చచ్చిందో ఏది బతికుందో చెప్పేవాడు మా ఊళ్ళో అయితే లేడు, స్లాబు వేసే రోజు సెంట్రింగ్ కుర్రాళ్ళు ఇనప చువ్వలు పైకెత్తుతుంటే కింద నిలబడేది నేనే.

కాబట్టి తమరికి తెలియజేయునది ఏమనగా, సెక్షన్ 17 కింద అర్జీ టైపు చేయించాను, ఆఫీసులో రశీదు తీసుకున్నాను, వాళ్ళు కదలకపోతే సోమవారం కలెక్టరాఫీసులో ఇస్తాను. అయితే అర్జీ టైపు చేయిస్తున్నప్పుడు ఒక మాట కంటబడింది, ఇదివరకు సరిగ్గా చదవలేదు. ఆ సెక్షన్లో ఉన్నది స్తంభాన్ని స్థలంలోంచి బయటికి పంపమని కాదు, అదే స్థలంలో ఇంకో చోటికో, ఇంకాస్త ఎత్తుకో కిందికో మార్చమని అడగొచ్చు అని. అంటే కేసు గెలిచినా తమరు పోర్టికోలోంచి లేచి పెరట్లోకి వస్తారన్నమాట. మా ఆవిడకి చెప్పా. బావి పక్కకైతే రమ్మనండి, బట్టలారేసుకునే తీగకి అటు చివర ఏమీ లేదు అంది.

ఇట్లు,
తమరి చుట్టూ ఉన్న స్థలానికి పన్ను కడుతున్నవాడు

తా.క.: ఈ ఉత్తరం రాస్తుండగానే ఎవరో ఇద్దరు కుర్రాళ్ళు నిచ్చెన వేసుకుని తమరి మీదకి కొత్త వైరు లాగుతున్నారు. ఎవరి పర్మిషన్ అంటే, స్తంభం ఎలాగూ ఉంది కదండీ అన్నారు.