కాగితం మీద కడసారి చూపు

జపాన్ సంప్రదాయ నాటకం కబుకిలో స్టార్ అయిన ఎనిమిదో ఇచికావా డాంజూరో 1854లో ఒసాకాలో ఒక సత్రంలో ప్రాణం తీసుకున్నాడు. అదీ అక్కడ నాటకం మొదలవ్వాల్సిన రోజే. వయసు ముప్పై దాటిందంతే, ఎందుకు చేశాడో ఇప్పటికీ తేలలేదు. ఆయన్ని ప్రాణంగా చూసుకున్న ఊరేమో ఎడో, అంటే ఇప్పటి టోక్యో, ఎక్కడో వందల కిలోమీటర్ల దూరం, అక్కడి జనానికి కడసారి చూపు ఎలా దక్కుతుంది చెప్పండి.

దక్కింది, కాగితం మీద. షిని-ఎ అంటారు, అంటే చావు బొమ్మ. నటుడు పోయాడని తెలియగానే పబ్లిషర్లు పరుగుపెట్టేవాళ్లు, బొమ్మని చెక్క మీద చెక్కించి, రంగులద్ది కాగితం మీద అచ్చేసి, రోజుల్లోనే అమ్మకానికి పెట్టేసేవాళ్లు. ఒక్కో రంగుకి ఒక్కో చెక్క కావాలి కాబట్టి తొందరలో రంగులు తగ్గించేవాళ్లు. ఆ హడావుడిలో చాలావాటి మీద ఆర్టిస్టు సంతకం ఉండదు, సెన్సార్ ముద్రా ఉండదు, కొన్నిట్లో అయితే వయసు, చనిపోయిన తేదీ కూడా తప్పే. డాంజూరో ఒక్కడికే 200కి పైగా రకాలొచ్చాయి.

దీన్ని శవాల మీద పేలాలు ఏరుకోవడం అని కొట్టిపారేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. డబ్బు కోసమే వేశారు, నిజమే, కానీ కొన్నవాళ్ల ఏడుపు అబద్ధం కాదుగా! ఒక్కసారి ఆ బొమ్మల్ని దగ్గరగా చూడండి. లేత నీలం బట్టలు, చేతిలో జపమాల, పక్కన బౌద్ధులు చనిపోయినవాళ్లకి సమర్పించే షికిమి చెట్టు కొమ్మ, పైన చనిపోయాక పెట్టిన బౌద్ధ నామం, సమాధి ఏ గుడిలోనో ఆ పేరు. కొన్నిట్లో చివరి పద్యం కూడా. స్టేజీ మీద వీరావేశంతో కళ్లు తిప్పిన మనిషి ఇక్కడ నెమ్మదిగా కూర్చుని ఉంటాడు. ఇంకోదాంట్లో బుద్ధుడి మహాపరినిర్వాణంలా డాంజూరోని పడుకోబెట్టారు, చుట్టూ శిష్యులుండాల్సిన చోట అందరూ ఆడవాళ్లే, ఏడుస్తూ. అభిమానుల గుండెకోతని అంత సూటిగా చూపించిన బొమ్మని సంతకం లేదని చిన్నచూపు చూడటం నాకైతే అన్యాయం అనిపిస్తుంది.

సంతకం ఉన్నదీ ఒకటుంది, అది మాత్రం నటుడిది కాదు. 1858లో చిత్రకారుడు హిరోషిగే పోయినప్పుడు తోటి చిత్రకారుడు కునిసదా ఆయన బొమ్మ వేశాడు, గుండు చేయించుకుని జపమాల పట్టుకున్న ముసలాయన. సంతకం పక్కన కునిసదా ఒక మాట రాసుకున్నాడు, ఇలా అవుతుందనుకోలేదు, కన్నీళ్లతోనే గీస్తున్నా అని.