చేతిలో కాగితం, కారు కింద ఖాళీ గొట్టం

నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లోని కొన్ని మెకానిక్ షెడ్లలో కారు కింది నుంచి క్యాటలిటిక్ కన్వర్టర్‌ను, అంటే పొగలోని విషవాయువులను తగ్గించే డబ్బాను, కోసేసి, ఆ చోట ఉత్త గొట్టం వెల్డింగ్ చేసి పంపుతున్నారు. అదే కారుకు పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా దొరుకుతోంది. మమ్మల్ని కలవరపెడుతున్నది ఈ రెండో సంగతే.

ఆ డబ్బాలో ఉండేది తేనెపట్టులా సన్నని రంధ్రాలున్న పింగాణీ దిమ్మె. దాని గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది. పెట్రోలు ఇంజన్ పొగ వేడికి అది సుమారు 300 డిగ్రీలకు చేరాక, రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమించే కార్బన్ మోనాక్సైడ్ కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. కాలకుండా మిగిలిన ఇంధనం నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు మామూలు నైట్రోజన్‌గా విడిపోతాయి. సీసం తగిలితే ఈ పూత పనిచేయదు. అందుకే 1995లో నాలుగు మహానగరాల్లో కన్వర్టర్ ఉన్న కార్లతో పాటే సీసం లేని పెట్రోలునూ తెచ్చారు. 2000 నాటికి దేశమంతటా సీసాన్ని తొలగించారు. అంత శ్రమ పడి తెచ్చుకున్న రక్షణను తుక్కు కొట్టుకు అమ్ముకుంటున్నాం.

కన్వర్టర్ మూసుకుపోయి బండి లాగడం లేదని, కొత్తది కొనే స్తోమత లేదని యజమానులు అంటున్నారు. ఇబ్బంది నిజమే. కానీ చాలాసార్లు అది మూసుకుపోయేది ఇంజన్ ఆయిల్ తాగుతున్నందుకో, స్పార్క్ ప్లగ్గులు సరిగా నిప్పురవ్వ ఇవ్వనందుకో. ఆ జబ్బును వదిలేసి ఊపిరితిత్తిని కోసేస్తారా?

ఇక కాగితం సంగతి. పెట్రోలు కారు తనిఖీలో కొలిచేది కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లే (కాలకుండా మిగిలిన ఇంధనం). నైట్రోజన్ ఆక్సైడ్లను అసలు కొలవరు. కొలిచే ఆ కాస్త కూడా పొగ గొట్టంలో కొలిచే పరికరం మొన సరిగా పెట్టకుండానే రాసిస్తే, ఆ కాగితం దేనికి సాక్ష్యం? గాలి ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో హైదరాబాద్, పటాన్‌చెరుతో పాటు నల్లగొండ కూడా ఉంది. ఇక్కడ సర్టిఫికెట్ లేని బండిని ఆపి జరిమానా రాస్తారు, కన్వర్టర్ లేని బండిని కాగితం చూసి పంపేస్తారు. కాలుష్య ప్రమాణాలు మీరితే 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు అని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతోంది. ఆ చట్టం కాగితాన్ని కాపాడటానికి రాలేదు. రవాణా శాఖ అధికారులు రోడ్డు మీద ఆపిన కారు కిందికి ఒక్కసారి టార్చి వేసి చూడాలి. కన్వర్టర్ కోసిన షెడ్డును, కళ్లు మూసుకుని ముద్ర వేసిన తనిఖీ కేంద్రాన్ని వదిలేసి యజమాని ఒక్కడినే పట్టుకుంటామంటే, ఆ దందాలో ప్రభుత్వమూ భాగస్వామే.