“కొంచెం స్పీడే కదా” అనేవాళ్లకు

“కొంచెం స్పీడు, అంతే కదా అక్కా! ఎవరికి తెలుస్తుంది? ఆ లినక్స్ తీసేసి విండోస్ వేసుకో, ఏ గొడవా ఉండదు.”

నా కంప్యూటర్‌లో సంగీతం పాఠం వేగంగా, శ్రుతి పెరిగి వినిపిస్తోందని చెబితే, మా పిన్ని కొడుకు ఇప్పుడే ఈ మాట చెప్పి ఫోను పెట్టేశాడు. లినక్స్ అంటే విండోస్ లాగే కంప్యూటర్‌ను నడిపించే వ్యవస్థ. నాకు ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. అతను వైట్‌ఫీల్డ్‌లో ఇంజనీరు, పొద్దస్తమానం పని చేసేది లినక్స్ సర్వర్ల మీదే. ఈ బెంగళూరులో ఎన్ని ఇళ్లు లినక్స్ జీతాల మీద గడుస్తున్నాయో మీకు నేను చెప్పాలా? అదే లినక్స్ ఇంట్లో అక్క కంప్యూటర్‌లో ఉంటే మాత్రం, ఏ చిన్న తేడా వచ్చినా ముందు దాన్నే తీసేయమంటారు. ఎందుకు వచ్చిందని చూసే ఓపిక ఒక్కరికీ లేదు.

ఎవరికి తెలుస్తుంది అంటే, నాకు తెలుస్తుంది. అది మా సంగీతం టీచరుగారు ఐదున్నర శ్రుతిలో, అంటే హార్మోనియం మెట్ల లెక్కన ఐదున్నరను ఆధారం చేసుకుని, పాడి పంపిన పాఠం. నా తంబూర కూడా ఐదున్నరలోనే మోగుతోంది. ఆవిడ గొంతు మాత్రం ఆరుకూ ఆరున్నరకూ నడుమ ఎక్కడో పలుకుతోంది. హార్మోనియం మీద ఆ చోట మెట్టే లేదు, ఇక నేను ఎక్కడ పట్టుకుని పాడాలి? చౌకకాలంలో, అంటే నెమ్మది నడకలో, ఆవిడ ఒక్కొక్క స్వరాన్ని నిలిపి, ఊపి చూపించిన గమకం వణుకులా వినబడింది. వయసు పైబడిన మనిషి, మోకాళ్ల నొప్పితో కింద కూర్చుని, నా కోసం త్యాగరాజ కృతిని సంగతి సంగతికీ విడదీసి పాడి ఇచ్చారు. దాన్ని పట్టుకుని “కొంచెం స్పీడు” అంటాడా?

పైగా మొన్న ఇంటికి వచ్చినప్పుడు చూశాడు కూడా. ఏదో వీడియో ఫైలు పెట్టాడు, అది సరిగ్గానే వినిపించింది. “అంతా బాగానే ఉంది, నీ రికార్డింగే తేడా” అని తేల్చేశాడు. టీచరుగారి పాఠాన్నే తప్పుపట్టాడు! అదే పాఠం ఫోనులో ఎంత చక్కగా పలుకుతుందో వినమంటే వినలేదు.

వీడియో బాగుండి పాట పాడవడంలోనే అసలు గుట్టంతా ఉంది. మన పాటల ఫైళ్లలో చాలావాటికి శాంపిల్ రేటు, అంటే శబ్దాన్ని కొలిచి దాచిన సార్ల లెక్క, సెకనుకు 44,100, అది సీడీల కాలం నుంచి వచ్చిన లెక్క. వీడియోల శబ్దానికి 48,000. నేను ఎస్పీ రోడ్డులో కొన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు రెండు రేట్లూ తీసుకుంటానని కంప్యూటర్‌కు చెబుతుంది, కానీ లోపల ఎప్పుడూ 48,000 మీదే నడుస్తుంది. దాని మాట నమ్మి కంప్యూటర్ 44,100 లెక్కన శబ్దం పంపుతుంది. కార్డు దాన్ని 48,000 వేగంతో మింగేస్తుంది. పది నిమిషాల పాఠం తొమ్మిది నిమిషాల పదకొండు సెకన్లకే అయిపోతుంది. వేగం నూటికి దాదాపు తొమ్మిది పాళ్లు పెరిగితే, శ్రుతి ఒకటిన్నర మెట్టు పైకి పోతుంది. అనుమానం ఉన్నవాళ్లు గోడ గడియారం ముందు పెట్టుకుని ఒక పాట నడిపి చూడండి, ఏ ఇంజనీరూ అక్కర్లేదు.

నాది ఉబుంటు 22.04, లినక్స్‌లో ఒక రకం. అందులో శబ్దం సంగతి చూసేది పల్స్ ఆడియో, దాని అసలు రేటు 44,100, ప్రత్యామ్నాయం 48,000. ఈటీసీ కింద పల్స్ ఫోల్డర్‌లో ఉన్న డీమన్ డాట్ కాన్ఫ్ ఫైలు తెరిచి, డీఫాల్ట్ శాంపిల్ రేట్, ఆల్టర్నేట్ శాంపిల్ రేట్ అనే రెండు వరుసల ముందున్న సెమికోలన్లు తీసేసి, రెండింటికీ 48,000 ఇచ్చాను. పల్స్ ఆడియోను ఆపి మళ్లీ మొదలుపెట్టాను. ఇప్పుడు ఏ పాటనైనా కంప్యూటరే 48,000కు మార్చి పంపుతోంది. పాఠం ఐదున్నరలోకి వచ్చి కూర్చుంది. 22.10 నుంచి ఉబుంటులో పల్స్ ఆడియో స్థానంలో పైప్‌వైర్ వచ్చింది, అది మామూలుగా 48,000 మీదే నడుస్తుంది కనుక అక్కడ ఈ తంటా ఈ రూపంలో రాదు.

విండోస్ వేసినా బహుశా పాట సరిగ్గానే వచ్చేది. అక్కడ కూడా సాధారణంగా 48,000 పెట్టి ఉంటుంది కాబట్టి. నాకు ఇంకా కోపం తెప్పించేది అదే. అబద్ధం చెప్పిన కార్డు దొరలా తప్పించుకునేది, ఏ పాపం ఎరుగని లినక్స్ మీద నింద శాశ్వతంగా ఉండిపోయేది.

అసలు ఈ “ఎవరికి తెలుస్తుంది” అన్న మాట నేను ఈరోజు కొత్తగా వినలేదు. టీవీలో పాత సినిమా పాటలు వస్తుంటే ఘంటసాల గొంతు పలచబడిందని చిన్నప్పటి నుంచి మొత్తుకుంటున్నాను. ఇంట్లో అందరూ నన్ను పిచ్చిదానిలా చూసేవారు. సినిమా రీలు సెకనుకు 24 ఫ్రేములు. మన దేశంలో వాడిన పాల్ అనే టీవీ ప్రసార పద్ధతికి 25 కావాల్సి వచ్చేది. అందుకని రీలునే నూటికి నాలుగు పాళ్లు వేగంగా తిప్పేవారు, గొంతు ముప్పావు మెట్టు పైకి పోయేది. ఆ మహాగాయకుడి గొంతులోని గాంభీర్యాన్ని కోసి ఇంటింటికీ పంచారు, ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఆ కాపీలనే ఇంటర్నెట్‌లోకి ఎక్కించి “ఒరిజినల్” అని పేరు పెడుతున్నారు. పిల్లలు వాటిని విని నేర్చుకుని, అదే ఆయన శ్రుతి అనుకుంటున్నారు.

గ్రామఫోను రికార్డులదీ అదే గతి. పేరుకు నిమిషానికి 78 చుట్లు. తొలి రోజుల్లో ఒక్కో రికార్డును ఒక్కో వేగంతో చేశారు. అన్నింటినీ ఒకే 78లో తిప్పి కంప్యూటర్‌లోకి ఎక్కించేస్తే, ఆనాటి విద్వాంసులు నిజంగా ఏ శ్రుతిలో పాడారో మనకు ఎలా తెలుస్తుంది?

పాత పాటలు ఎక్కించే అన్నలకూ అక్కలకూ నా విన్నపం ఒక్కటే. పక్కన శ్రుతిపెట్టె పెట్టుకుని, ఆధార షడ్జం, అంటే పాటకు మూలమైన ‘స’, ఎక్కడ పలుకుతోందో ఒక్కసారి సరిచూసి ఎక్కించండి. రెండు మెట్ల మధ్య ఇరుక్కుందంటే ముందు వేగాన్ని అనుమానించండి. మా తమ్ముడికి ఇప్పుడే పాఠం పంపాను, రెండు రకాలుగానూ. రెండూ పూర్తిగా వినేదాకా విండోస్ ఊసెత్తవద్దని చెప్పాను.