అతిథికి మన ఇల్లు కనబడకుండా చూసుకోవడం ఎలా

విదేశీ కుర్రాణ్ని సెలవులకు ఇంట్లో పెట్టుకోవడం ఆషామాషీ వ్యవహారం కాదు. వీధి పరువు, వంశ ప్రతిష్ఠ, ఒక్కోసారి జాతి గౌరవం కూడా దాని మీద ఆధారపడి ఉంటాయి. ఒక ఈడు పిల్లలు ఒకరింట్లో ఒకరు సెలవులు గడిపే పథకం కింద, విజయనగరంలో మా బావగారింట్లో ఈ జూలైలో పదహారేళ్ల జర్మనీ అబ్బాయి దిగాడు. దగ్గరుండి అంతా చూసినవాణ్ని కాబట్టి, ఇకముందు ఇలాంటి సాహసం చేయబోయే కుటుంబాలకు నాలుగు ముక్కలు చెప్పడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

ముందు చట్టం సంగతి. విదేశీయుడు మన గడప తొక్కిన 24 గంటల్లోగా ఒక ఫారం నింపి అధికారులకు తెలియజేయాలి. హోటళ్లకే కాదు, మామూలు ఇళ్లకూ ఇదే రూలు. పాస్‌పోర్టు నంబరు, వీసా నంబరు, ఎక్కణ్నుంచి వచ్చాడు, ఎక్కడికి వెళ్తాడు లాంటి వివరాలతో ప్రభుత్వం సరిపెట్టుకుంటుంది. మా వీధి అంత తేలిగ్గా వదల్లేదు. నాన్నగారి జీతమెంత, సొంతిల్లేనా, అక్కకి పెళ్లయిందా, వాళ్లలో మనవాళ్లకు సమానమైన వాళ్లెవరు? ఈ గళ్లన్నీ మొదటి సాయంత్రమే, కాఫీ చల్లారేలోపు నింపేశారు. చివరి గడి ఒక్కటీ ఖాళీగా మిగిలింది. ఆ కుర్రాడికి ప్రశ్న అర్థం కాలేదు, అర్థమయ్యేలా చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.

ఇక ఏర్పాట్లు. పథకం వాళ్లు రాసి పంపిన కాగితంలో ‘మీరు ఎలా జీవిస్తారో అలాగే ఉండండి, అబ్బాయి చూసి నేర్చుకుంటాడు’ అని ఉంది. మా అక్కాబావా దీన్ని చదివి, ఎలా జీవిస్తున్నామో కుర్రాడి కంట పడకూడదని వెంటనే తీర్మానించారు. పెరటి బాత్రూం పగలగొట్టి కమోడ్ పెట్టించారు. ఏసీ బిగించారు. దండెం మీది బట్టలు మేడ మీదికి, ఊరగాయ జాడీలు మంచం కిందికి, మా అక్క అత్తగారు వెనక గదికి తరలిపోయారు. ఆవిడది చీపురుపల్లి దగ్గర పల్లె. మాట తీరు చూసి కుర్రాడు ఏమనుకుంటాడోనని బావగారి టెన్షన్. ఆ కుర్రాడికి తెలుగే రాదు కదా అని నేను గుర్తుచేస్తే, “నీకు తెలీదు బావా, వాళ్లు పట్టేస్తారు” అన్నారు.

తిండి దగ్గర మా అక్క చూపిన త్యాగం మరువలేనిది. ఇంట్లో ఆవ పెట్టిన పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు వండుకుని తలుపులేసుకుని తినేవాళ్లు. అతిథికి మూడు పూటలా బ్రెడ్డు, జాం. కారం పడదేమో, కడుపు చెడితే ఆ దేశానికి ఏం సమాధానం చెప్పాలి అని. జర్మనీలో రొట్టెలు 3,000 రకాలకు పైగా ఉన్నాయి. అలాంటి దేశం నుంచి వచ్చినవాడికి మూడు లాంతర్ల దగ్గర బేకరీలో దొరికే, నొక్కితే నొక్కినట్టే ఉండిపోయే తియ్యటి ప్యాకెట్ బ్రెడ్డు పెట్టారు. పాపం, మర్యాదస్తుడు. ఇది భారతీయుల సంప్రదాయ ఆహారం కాబోలనుకుని డైరీలో రాసుకున్నాడు.

అత్తగారొక్కరే క్రమశిక్షణ తప్పారు. ఓరోజు పొద్దున్నే పెరట్లోకి వెళ్లేసరికి నూతి గట్టు పక్కన కుర్రాడు గొంతుక్కూచుని ఉన్నాడు. చేతిలో సత్తు గిన్నె, దాని నిండా చోడి అంబలి. పంటికింద ఉల్లిపాయ ముక్క, పక్కనే ఉప్పులో ఊరిన మిరపకాయ. పై పెదవి మీది లేత మీసం అంబలితో తడిసిపోయి ఉంది. ముక్కులోంచి నీళ్లు కారుతున్నాయి, అయినా గిన్నె వదలటం లేదు. “గుంటడు సిక్కిపోనాడు, ఆ రొట్టిముక్కలకి కండ పడతాదేటి?” అంటూ ఆవిడ ఇంకో గరిటె వంచుతోంది. వాడు ‘మామ్మా’ అనడం అప్పటికే నేర్చేసుకున్నాడు. విషయం బయటపడ్డాక బావగారు మూడు రోజులు తల్లితో మాట్లాడలేదు.

చూడాల్సిన చోట్ల విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. కుర్రాడు వచ్చేముందే ఏవేవో చదువుకుని వచ్చాడు. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి దువ్వి శుభ్రం చేస్తారట, చూస్తానన్నాడు. “ముసలమ్మలు దూది ఏకడం చూడ్డానికి అంత దూరం నుంచి వస్తారా ఎవరైనా!” అని బావగారు విశాఖపట్నం తీసుకెళ్లి షాపింగ్ మాల్ చూపించారు. ఎస్కలేటర్ ఎక్కించి ఫోటో కూడా తీశారు. శ్రీకూర్మం అడిగితే ఎండన్నారు, బొబ్బిలిలో వీణలు చేసేచోటు అడిగితే వానన్నారు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి మాత్రం పెళ్లి పిలుపు మీద వెళ్లాల్సొచ్చి, దారి తప్పించలేకపోయారు. అక్కడ ఏటా వానాకాలం మొదట్లో నత్తగొట్టు కొంగలు వచ్చి, ఇళ్ల మధ్య చింతచెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని పొదుగుతాయి. వాకిళ్లు రెట్టతో తెల్లబడ్డా ఊళ్లోవాళ్లు వాటి జోలికి పోరు. ఎవరూ వాటికోసం కమోడ్ కట్టించినట్టు లేదు, బ్రెడ్డు పెట్టినట్టూ లేదు. అయినా వస్తూనే ఉన్నాయి. ఆతిథ్యంలో ఆ ఊరు మాకంటే వెనకబడి ఉందని బావగారి అభిప్రాయం.

అసలు చిక్కు వేరే ఉంది. ఈ పథకమంతా ఒక ఈడు పిల్లలు కలిసి గడపడానికి పెట్టింది. మా మేనల్లుడిదీ పదహారేళ్లే. కానీ జర్మనీలో వేసవి సెలవులు జూన్ ఆఖరు నుంచి సెప్టెంబరు దాకా ఒక్కో రాష్ట్రంలో ఒక్కోసారి ఆరేసి వారాలు నడుస్తాయి, మన చదువులు జూన్‌లోనే మొదలైపోతాయి. మావాడు విశాఖపట్నంలో ఒక కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఇంటర్ చదువుతున్నాడు. అతిథి పడుకునేది మావాడి మంచం మీదే. వీళ్లిద్దరూ కలిసింది ఒకే ఒక్క ఆదివారం, హాస్టల్ గేటు బయట వేపచెట్టు కింద, చుట్టూ క్యారేజీలు విప్పుకున్న తల్లిదండ్రుల మధ్య. మావాడు అడిగిన మొదటి ప్రశ్న, “మీకు స్టడీ అవర్స్ ఎన్నింటిదాకా?” జర్మనీ కుర్రాడు, బడి మధ్యాహ్నానికి అయిపోతుందనీ తర్వాత ఫుట్‌బాల్ ఆడతాననీ చెప్పబోయాడు. బావగారు చప్పున మధ్యలోకి వచ్చి, ఇద్దరికీ చెరో పూతరేకు నోట్లో పెట్టి సంభాషణ ముగించారు. దౌత్యం అంటే అదీ.

వీధికి మాత్రం కుర్రాడి వల్ల నిరాశే మిగిలింది. సాయంత్రమయ్యేసరికి బీటెక్ పిల్లల తండ్రులు గుమిగూడేవారు. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదని, వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్లో, అంటే ఖర్చుల డబ్బు ముందే కట్టిపెట్టే ఖాతాలో, ఏడాదికి 11,904 యూరోలు చూపించాలని, దానికి ముందు మన చదువు కాగితాలు అసలైనవేనని చెప్పే ఏపీఎస్ సర్టిఫికెట్ కావాలని వాళ్లకు నోటికొచ్చు. ఈ కుర్రాడికి ఏదీ తెలీదు. “సొంత దేశం గురించి ఇంత అజ్ఞానమా!” అని ఎదురింటి రిటైర్డ్ హెడ్మాస్టారు నొచ్చుకున్నారు. మర్నాటి నుంచి రోజూ అరగంట కుర్రాణ్ని కూర్చోబెట్టి జర్మనీ గురించి పాఠం చెప్పారు.

వెళ్లేముందు కుర్రాడి తల్లిదండ్రులు వీడియో కాల్‌లోకి వచ్చారు. వచ్చే వేసవిలో మీ అబ్బాయిని మా ఇంటికి పంపండి, ఆరు వారాలు మా పిల్లాడితో సరదాగా ఉంటాడు అన్నారు. బావగారు అదిరిపడ్డారు. ఆరు వారాలంటే ఎన్ని వీకెండ్ టెస్టులు పోతాయి! ఎంసెట్ అవ్వాలి, బీటెక్ అవ్వాలి, ఆ తర్వాత ఎమ్మెస్‌కి ఎలాగూ అక్కడికే వస్తాడు, అప్పుడు తీరిగ్గా చూస్తాడులెండి అని సర్దిచెప్పారు. అప్పటికి మీ ఇంట్లో గది ఖాళీగా ఉంటుందా, అద్దె ఏమాత్రం ఉండొచ్చు, పార్ట్‌టైం ఉద్యోగం దగ్గర్లో దొరుకుతుందా అని మర్యాదగా వాకబు చేశారు. వెనక నుంచి హెడ్మాస్టారు, “నగరంలోనా, శివార్లలోనా కనుక్కో” అని అందించారు.