టార్గెట్ పెట్టి అడిగించే విరాళం

అమీర్‌పేట మెట్రో స్టేషన్ దగ్గరో, హైటెక్ సిటీలో ఏదైనా మాల్ ముందో మెడలో ఐడీ కార్డు, చేతిలో ట్యాబ్‌తో "సార్, ఒక్క నిమిషం" అని పలకరించే అబ్బాయిలను, అమ్మాయిలను హైదరాబాద్‌లో చాలామంది చూసే ఉంటారు. పిల్లల చదువనో, పేద రోగుల వైద్యమనో ఒక సంస్థ పేరు చెబుతారు. మనం ఫోను చెవిన పెట్టుకుని పక్కకు తప్పుకుంటాం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అలా తప్పుకునేవాళ్లను నవ్వుతూ పలకరిస్తూ ఉండటమే వాళ్ల ఉద్యోగం.

వాళ్లు అడిగేది జేబులోని వంద నోటు కాదు. నెలనెలా బ్యాంకు ఖాతా నుంచి దానంతటదే కట్ అయ్యే ఈ-మ్యాండేట్. ఒక బడి నడపాలన్నా, టీచర్లకు జీతాలివ్వాలన్నా సంస్థకు నిలకడైన రాబడి కావాలి కాబట్టి ఈ పద్ధతిలో తప్పు లేదు. కానీ ఒక దాతను చేర్చుకోవడానికి అయ్యే ఖర్చు ముందే అయిపోతుంది. ఆ దాత ఏళ్ల తరబడి కొనసాగితేనే సంస్థకు మిగిలేది. రెండో నెలలోనే ఆపేస్తే నష్టం. ఆ నష్టభయాన్ని చాలాచోట్ల సంస్థ తరఫున విరాళాలు అడిగించే ఏజెన్సీ ఎండలో నిలబడే పిల్లల మీదికి నెడుతోంది. ఇన్ని సైనప్‌లని టార్గెట్ పెడుతుంది, దాత ఆపేస్తే ఇన్సెంటివ్ కోస్తుంది. అప్పుడే డిగ్రీ పూర్తిచేసి నగరానికొచ్చి, హాస్టల్ ఫీజు కట్టుకోవాల్సిన పిల్లలకు అది ఎంత టెన్షనో చెప్పనక్కర్లేదు.

ఆ టెన్షన్ దాత దాకా వస్తుంది. "80జీ కింద ట్యాక్స్ తగ్గుతుంది సార్" అనే మాటే తీసుకోండి. నెలకు 800 ఇచ్చేవారికి ఏడాదికి 9,600 అవుతుంది. పాత పన్ను విధానంలో సాధారణంగా అందులో సగం మినహాయింపుకు వస్తుంది. కొత్త విధానంలో ఉన్న ఉద్యోగికి ఏమీ రాదు. నిజాయితీగా అడిగితే ముందు "మీరు ఏ విధానంలో ఉన్నారు?" అని అడగాలి. రోజు టార్గెట్ ఇంకా మిగిలి ఉన్న మనిషి ఆ ప్రశ్న వేయడం కష్టం. తప్పుడు మాట చెప్పింది ఆ పిల్లే అయినా, చెప్పించింది ఆ జీతం లెక్క.

సంస్థల ఇబ్బందీ చిన్నదేం కాదు. 2020లో విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) సవరణతో ఆ విరాళాల్లో పరిపాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. ఆ డబ్బును మరో సంస్థకు బదిలీ చేయడాన్ని నిషేధించారు. కొన్ని పెద్ద సంస్థల రిజిస్ట్రేషన్లే పోయాయి. ఇక దిక్కు మన ఊళ్లో నెల జీతం తీసుకునే ఉద్యోగులే. కానీ అడిగే సమయం బాగాలేదు. సైబర్ మోసాల వార్తలు రోజూ చదివే మనిషి, రోడ్డు మీద పరిచయమైన వ్యక్తి ట్యాబ్‌లో ఖాతా నంబరు కొట్టి ఓటీపీ చెప్పడానికి భయపడతాడు. ఆ భయం న్యాయమైనదే. దానికి అవమానాల రూపంలో మూల్యం చెల్లించేది మాత్రం కార్డు వేసుకుని నిలబడ్డ పిల్లలు. అమ్మాయిలకైతే విరాళం మాట వదిలేసి ఫోన్ నంబరు అడిగేవాళ్ల బెడద అదనం.

బ్రిటన్‌లో ఛారిటీల ఒత్తిడిపై 2015లో పెద్ద దుమారం రేగింది. మరుసటి ఏడాదే విరాళాల సేకరణ తీరును చూసే ఫండ్‌రైజింగ్ రెగ్యులేటర్ ఏర్పడింది. డబ్బు తీసుకుని విరాళాలు సేకరించే ఏజెన్సీవాళ్లు ఆ సంగతి దాతకు చెప్పి తీరాలనే నిబంధన అక్కడ 1992 చట్టం నుంచే ఉంది. మన దగ్గర విరాళం అడిగే తీరును చూసే ప్రత్యేక వ్యవస్థ లేదు. అది వచ్చేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. సంస్థలు ఇప్పుడే చేయగలిగినవి ఉన్నాయి. వీళ్లను ఏజెన్సీకి వదలకుండా సొంత ఉద్యోగులుగా, పీఎఫ్, ఈఎస్‌ఐలతో తీసుకోవాలి. తలకింత ఇన్సెంటివ్ మాని పూర్తి జీతం ఇవ్వాలి. రోడ్డు మీద ఖాతా వివరాలు తీసుకోకుండా, దాత ఇంటికెళ్లి సంస్థ వెబ్‌సైట్‌లో తీరిగ్గా నింపుకునే వీలు కల్పించి, దాన్నీ ఆ రోజు పనిగానే లెక్కించాలి. సైనప్‌లు తగ్గుతాయని మేనేజర్లు అంటారు. తగ్గనివ్వండి. తర్వాతి నెలలోనే రద్దయ్యే సైనప్‌ల వల్ల ఆ బడికి ఇప్పుడు మాత్రం ఏం అందుతోంది?