తండ్రి చెప్పనివ్వని మూడో మాట

లూకా సువార్త 15వ అధ్యాయంలో తన వాటా ఆస్తి తీసుకుని ఇల్లు విడిచిపోయి, అదంతా తగలేసిన చిన్నకొడుకు పందులు మేపుతూ, ఆకలితో, తండ్రికి ఏం చెప్పాలో ముందే అల్లుకుంటాడు. 18, 19 వచనాల్లో ఆ మాటలు ఉన్నాయి. మొత్తం మూడు. ఒకటి, పరలోకానికి విరోధంగాను నీ ఎదుటను పాపం చేశాను. రెండు, ఇకమీదట నీ కుమారుణ్ణని అనిపించుకోవడానికి యోగ్యుణ్ణి కాను. మూడు, ‘నన్ను నీ కూలివారిలో ఒకనిగా పెట్టుకొనుము’. దారి పొడుగునా వల్లె వేసుకునే ఉంటాడు. తీరా 21వ వచనంలో తండ్రి ఎదుట నిలబడ్డాక రెండే బయటికి వచ్చాయి. మూడోది నోట్లో ఉండగానే తండ్రి పనివాళ్ళను కేకేశాడు: ప్రశస్త వస్త్రం తెండి, వేలికి ఉంగరం పెట్టండి, కాళ్ళకు చెప్పులు తొడగండి. (కొన్ని పాత రాతప్రతుల్లో మూడో మాట 21వ వచనంలో కూడా కనిపిస్తుంది. ఎవరో లేఖకుడు 19వ వచనంలోంచి తెచ్చి కలిపాడని ఎక్కువమంది పండితులు అంటారు. మన తెలుగు బైబిల్లో అది లేదు.)

ఆ మూడో మాట వినడానికి అణకువగానే ఉంటుంది గాని లోపల ఒక బేరం ఉంది. కూలివాడికి సాయంత్రానికి కూలి ముడుతుంది. ఆ తర్వాత ఎవరికెవరూ బాకీ ఉండరు. తగలేసిన ఆస్తిని కొంత కొంతగా తీర్చుకుంటూ తలెత్తుకుని బతకొచ్చు. కొడుకుగా ఇంట్లో అడుగుపెడితే ఆ వెసులుబాటు పోతుంది. తినే ప్రతి ముద్దా తండ్రి పెట్టిందే, తీర్చే దారే లేదు. ఊరికే పుచ్చుకోవడం నామోషీ అనుకునే మనిషికి ఇంతకంటే కష్టమైన పని ఇంకోటి ఉండదు.

ఏళ్ళ తరబడి సంఘంలో ఉన్నవాళ్ళు కూడా చిక్కుకునేది ఇక్కడేనని నా అభిప్రాయం. మొదటి రెండు మాటలు మనకు కంఠస్థం. పాపినని ఒప్పుకోవడం, అయోగ్యుణ్ణని చెప్పుకోవడం ప్రార్థన కూటాల్లో ధారాళంగా సాగిపోతాయి. ఆగకుండా మూడోది కూడా అనేస్తాం. ‘ఈ ఒక్కసారికి గట్టెక్కించు ప్రభువా, ఇకనుంచి ఒక్క ఆదివారం కూడా మానను.’ ‘నలభై రోజులు ఉపవాసముంటాను, మా వాడి సంగతి చూడు.’ ఉపవాసంలో తప్పు లేదు, ఆదివారం ఆరాధనలోనూ లేదు. వాటిని రొక్కంలాగా దేవుడి ముందు లెక్కపెట్టడం మొదలైనప్పుడే చిక్కు.

ఎఫెసీ 2:8ని ఒకసారి పైకి చదవండి: ‘మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు.’ మనం మాట్లాడే తెలుగులో ఇలాంటి ‘బడు’ దాదాపు ఉండదు. ‘అన్నం నాచేత తినబడింది’ అంటే పిల్లలు కూడా నవ్వుతారు. బైబిలు తెలుగు మీద జనానికున్న ఫిర్యాదుల్లో ఇదొకటి, న్యాయమైనదే. ఈ ఒక్క సంగతిలో మాత్రం ‘బడు’ను వదులుకోబుద్ధి కాదు. రక్షింపబడి, పిలువబడి, నీతిమంతులుగా తీర్చబడి: చేసేవాడు అటు, మనం ఇటు. ఈ పత్రిక రాసిన పౌలు రోమా పత్రికలో ఇదే తేడాను కూలి లెక్కలో పెట్టి చెప్పాడు. ‘పని చేయువానికి జీతము ఋణమేగాని దానమని యెంచబడదు’ (రోమా 4:4). అదే పత్రిక 6:23లో మరణాన్ని పాపానికి వచ్చే జీతం అన్నాడు. నిత్యజీవం దగ్గరికొచ్చేసరికి మాట మార్చి కృపావరం అన్నాడు.

మరి ఆజ్ఞల సంగతేమిటి? ఉన్నాయి, బోలెడు ఉన్నాయి. అవి ఎక్కడ మొదలవుతాయో చూడాలి. పది ఆజ్ఞలు నిర్గమకాండం 20లో ‘చేయకూడదు’తో మొదలు కావు. రెండో వచనం ‘దాసులగృహమైన ఐగుప్తుదేశములోనుండి నిన్ను వెలుపలికి రప్పించితిని’ అంటుంది. సముద్రం దాటించింది ముందు, ఆజ్ఞలిచ్చిన సీనాయి కొండ తర్వాత. ఆజ్ఞలు పాటిస్తే విడిపిస్తానని ఐగుప్తులో ఎవరికీ చెప్పలేదు. ఎఫెసీ పత్రికతో దీన్ని ఇంట్లోనే సరిచూసుకోవచ్చు. ఒక పెన్సిలు తీసుకుని, ‘ఇది చేయండి’ అన్న ప్రతిచోటా గీత గీయండి. మొదటి మూడు అధ్యాయాల్లో గీత పడేది ఒక్కచోటే, రెండో అధ్యాయం 11, 12 వచనాల దగ్గర. ఆ ఆజ్ఞ కూడా ‘జ్ఞాపకము చేసికొనుడి’ అని. నాలుగో అధ్యాయం ‘కాబట్టి’ అని మొదలవుతుంది, అక్కడినుంచి గీతలే గీతలు. ఆ ‘కాబట్టి’ని చూడకుండా నేరుగా నాలుగో అధ్యాయంలో పడితే మంచి సలహాలే దొరుకుతాయి, వాటితోపాటు వాటిని పాటించలేని నీరసం కూడా వస్తుంది. మన ప్రసంగాల్లో చాలావాటికి ఉన్న జబ్బు ఇదే: మూడు అధ్యాయాలు ఎగ్గొట్టి నాలుగోది అందుకుంటారు.

కృపను నిజంగా పుచ్చుకున్నామా లేదా అన్నది పాడే పాటల్లో తెలియదు. తప్పు చేసిన తర్వాత మళ్ళీ ప్రార్థనకు కూర్చోవడానికి ఎంతసేపు పడుతోంది? నాడి పట్టి చూడాల్సింది అక్కడ. ‘మొహం చెల్లడం లేదు’ అని రెండు రోజులో వారమో ఆగుతారు. ఈలోగా బైబిలు నాలుగు అధ్యాయాలు ఎక్కువ చదివి, ఇంట్లోవాళ్ళతో మెత్తగా ఉండి, కాస్త తేరుకున్నాక మోకరిస్తారు. చూసేవాళ్ళకు ఆ ఎడం పశ్చాత్తాపంలా కనిపిస్తుంది. ఆ వారమంతా జరిగింది మాత్రం దేవుడి ముందుకు ఉత్తచేతులతో పోకుండా కూలి కూడబెట్టుకోవడమే.

అందుకని ఒప్పుకోలు అదే రోజు జరగాలి. ఐదు నిమిషాలు చాలు. తప్పును దాని అసలు పేరుతో చెప్పాలి. ‘ప్రభువా, నోరు జారాను’ అనకుండా ‘ఫలానా మనిషి గురించి అబద్ధం చెప్పాను’ అనాలి. పేరు మెత్తబడితే క్షమాపణ కూడా మెత్తగానే తగులుతుంది, రెండు గంటల్లో మళ్ళీ అనుమానం మొదలవుతుంది. ఎందుకు చేశామో వివరించబోవద్దు. వివరణ మొదలైతే ఒప్పుకోలు కాస్తా వాదనలోకి జారిపోతుంది. తర్వాత 1 యోహాను 1:9 పైకి చదవండి. అక్కడ దేవుడు ‘నమ్మదగినవాడును నీతిమంతుడును గనుక’ క్షమిస్తాడని ఉంది. ‘దయగలవాడు గనుక’ అని ఉంటుందని మనం ఎదురుచూస్తాం. నీతిమంతుడు అనడంలో అర్థం ఉంది. సిలువ దగ్గర ఆ అప్పు ఒకసారి తీరింది, తీరిన అప్పును రెండోసారి వసూలు చేయడం అన్యాయం. ఆయన ఆ రోజు మంచి మనసులో ఉన్నాడా లేదా అన్నదానిమీద క్షమాపణ ఆధారపడి లేదు. ఇక స్తోత్రం చెప్పి లేవండి.

లేచేముందు ‘ఇంకెప్పుడూ చేయను’ అని మాట ఇవ్వబుద్ధేస్తుంది. ఆ మాట అక్కడ వద్దంటాను. దీనికి చాలామంది ఒప్పుకోరని తెలుసు. మారాలన్న తీర్మానం కావలసిందే. దాన్ని ఆ తర్వాత, నమ్మకమైన మనిషి ఒకరికి చెప్పి, ఏ వేళలో ఏ చోట తప్పుతున్నామో చూసుకుని చేసుకోవాలి. క్షమాపణ అడిగిన ఊపిరిలోనే మాట ఇస్తే రెండూ ఒకే మేకుకు వేలాడతాయి. గురువారానికల్లా ఆ మాట తప్పుతాం, ఆదివారం దొరికిన క్షమాపణ కూడా దాంతోపాటు కిందపడినట్టే అనిపిస్తుంది. మళ్ళీ మొహం చెల్లదు.

సాటిమనిషికి చేసిన నష్టం వేరే పద్దు. దేవుడు క్షమించాడు గదా అని దాన్ని కొట్టేయడానికి లేదు. ధర్మశాస్త్రం (సంఖ్యాకాండం 5:7) తీసుకున్నది తిరిగి ఇచ్చి, దానిమీద అయిదో వంతు కలపమంది. వెయ్యి తీసుకుంటే పన్నెండు వందలు. సుంకాలు వసూలు చేసే జక్కయ్య అంతకంటే ముందుకు వెళ్ళి సగం ఆస్తి బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు అన్నాడు. కానీ ఏది ముందు జరిగిందో లూకా 19లో చూడండి. ‘నేడు నేను నీ యింట నుండవలసియున్నది’ అని యేసు అన్నది 5వ వచనంలో, జక్కయ్య లెక్క చెప్పింది 8వ వచనంలో. యేసు అతని ఇంటికి వస్తానన్నది ఆ లెక్క విన్నాక కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. కొందరు ఒకే పాపాన్ని రోజుకు పదిసార్లు ఒప్పుకుంటారు. ప్రార్థనలో ఒక మాట తడబడితే మొదటినుంచి మళ్ళీ చెబుతారు. దేవదూషణ ఆలోచన మనసులో మెదిలిందని గంటలు గంటలు కుమిలిపోతారు. వాళ్ళకు కృప గురించి ఇంకో వచనం ఇస్తే, అది కూడా ఇరవైసార్లు చదవాల్సిన మంత్రంగా మారుతుంది. అది చాలాసార్లు ఓసీడీ అనే జబ్బు, విశ్వాసలోపం కాదు. దానికి వైద్యం ఉంది. ‘ఇంకా ప్రార్థన చేయండి’ అని పంపేయకుండా సంఘకాపరి మానసిక వైద్యుల దగ్గరికి పంపాలి. జర్మన్ సన్యాసి మార్టిన్ లూథర్ మఠంలో గంటల తరబడి పాపాలు ఒప్పుకుని, లేచి వచ్చాక మరచిన పాపం గుర్తొచ్చి మళ్ళీ అల్లాడిపోయేవాడు. ఆయన ఘర్షణలోంచే పదహారో శతాబ్దపు సంఘ సంస్కరణ పుట్టింది, క్యాథలిక్కులు, ప్రొటెస్టంట్లు విడిపోయారు. ఆ చీలికకు మూలమైన నీతిమంతులుగా తీర్చబడడమనే సిద్ధాంతం మీద క్యాథలిక్కులు, లూథరన్లు 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. మనలో క్యాథలిక్కులూ ఉన్నారు, ప్రొటెస్టంట్లూ ఉన్నారు గనుక, కృప ఒక శాఖవాళ్ళ సొత్తు అన్న మాట ఇక మానుకుందాం.

ఇలా ఊరికే ఇచ్చేస్తే మనిషి చెడిపోడా అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. పౌలు బోధ విన్నవాళ్ళకు కూడా వచ్చింది, రోమా 6:1 దానికి జవాబుగానే మొదలవుతుంది. ఈ ప్రశ్నే రాకుండా కృపను బోధిస్తున్నారంటే ఎక్కడో నీళ్ళు కలిపారన్నమాట. జర్మన్ పాస్టరు డీట్రిక్ బోన్‌హాఫర్ 1937లో ‘చవక కృప’ అని మండిపడింది కూడా క్రీస్తును వెంబడించకుండా క్షమాపణను మాత్రం జేబులో వేసుకునేవాళ్ళ మీదే. తీతుకు 2:12 ప్రకారం కృప మనకు భక్తిహీనతను విసర్జించడం ‘బోధిస్తుంది’. బోధన అంటే సమయం పడుతుంది. కృప గురించి ప్రపంచమంతా పాడుకునే ‘అమేజింగ్ గ్రేస్’ పాట రాసిన జాన్ న్యూటన్ 1748 మార్చిలో, సముద్రపు తుపానులో దేవుణ్ణి పిలిచాడు. ఆ తర్వాత కూడా 1754 వరకు బానిసల ఓడలు నడిపాడు. ఆ పాటను 1773 కొత్త సంవత్సరం ఆరాధనకు రాశాడు. బానిస వ్యాపారాన్ని ఖండిస్తూ, తన పాత్రకు సిగ్గుపడుతూ బహిరంగంగా కరపత్రం అచ్చువేసింది 1788లో. తుపానుకూ కరపత్రానికీ మధ్య నలభై ఏళ్ళు. ఇది న్యూటన్‌ను వెనకేసుకురావడానికి చెప్పడం లేదు. ఆ నలభై ఏళ్ళ మూల్యం ఆయన ఓడల్లో సంకెళ్ళతో ఉన్నవాళ్ళు చెల్లించారు. కృప మనల్ని అంగీకరించిన రోజే మన కళ్ళు పూర్తిగా తెరుచుకోవు, దాన్ని మనం లెక్కలోకి తీసుకోవాలి.

కృప అనే మాటను అడ్డం పెట్టుకుని దెబ్బతిన్నవాళ్ళ నోరు మూయించడం ఇంకో అన్యాయం. కొట్టిన భర్తను, మోసం చేసిన భాగస్వామిని ‘కృప చూపి’ వెంటనే ఇంట్లోకి, వ్యాపారంలోకి రానివ్వమని సంఘ పెద్దలు ఒత్తిడి చేస్తే వాళ్ళు కృపను ఎరగనట్టే. క్షమించడం ఒకరోజులో జరగొచ్చు, నమ్మకం మళ్ళీ కుదరడానికి ఏళ్ళు పడుతుంది, ఒక్కోసారి కుదరదు. నేరమైతే పోలీసుల దగ్గరికి వెళ్ళాలి.

మళ్ళీ లూకా 15కి వద్దాం. చిన్నకొడుకు మూడో మాటను తండ్రి చెప్పనివ్వలేదు. ఇంట్లో ఉన్న పెద్దకొడుకు ఆ మాటను ఏళ్ళుగా బతుకుతున్నాడు. ‘ఇన్ని యేండ్లనుండి నిన్ను సేవించుచున్నానే’ అంటాడు. గ్రీకులో అక్కడున్నది బానిస చాకిరీకి వాడే క్రియ. ఊరు తిరిగొచ్చినవాడు ‘తండ్రీ’ అని మొదలుపెట్టాడు, ఇంట్లో ఉన్నవాడి మాటల్లో ఆ పిలుపే లేదు. తమ్ముణ్ణి ‘ఈ నీ కుమారుడు’ అన్నాడు. ‘ఈ నీ తమ్ముడు’ అని తండ్రి సరిదిద్దాడు. సంఘంలో మనబోటి క్రమశిక్షణ గలవాళ్ళం ఎక్కువగా ఇతని వరసే.

తమ్ముడికి దూడను కోసి విందు చేశావు, నాకు ఒక మేకపిల్లనైనా ఇవ్వలేదన్నది అతని ఫిర్యాదు. 12వ వచనం చూడండి: చిన్నవాడు అడిగినప్పుడు తండ్రి ఆస్తిని ‘వారికి’ పంచిపెట్టాడు, అంటే ఇద్దరికీ. ద్వితీయోపదేశకాండం 21:17 లెక్కన జ్యేష్ఠుడికి రెండు పాళ్ళు, ఇద్దరే కొడుకులైతే మూడింట రెండు వంతులు. చిన్నవాడు తన వంతు అమ్ముకుని పోయాక, తండ్రి బతికున్నంతకాలం అజమాయిషీ ఆయనదే అయినా, మిగిలిందంతా పెద్దవాడికే చెందుతుంది. మందంతా తనదై ఉండగా ఒక్క మేకపిల్లను ఎవరో ఇవ్వాలని ఇన్నేళ్ళు ఎదురుచూశాడు. లోపల కోసిన కొవ్విన దూడ కూడా ఆ లెక్కన అతని వాటాలోదే, తమ్ముడి వేలికి పెట్టిన ఉంగరమూ అంతే. తండ్రి బయటికి వచ్చి ‘నావన్నియు నీవి’ అని బతిమాలుకుంటున్నాడు. లోపల పాటలు, నాట్యం వినిపిస్తూనే ఉన్నాయి. అతను గుమ్మం దాటాడో లేదో లూకా రాయలేదు.